కారు పొగను శుద్ధి చేయు పెట్టె

ఒకప్పుడు సంపన్నులు పెద్ద వెల పెట్టి కొన్న మోటారుకార్లు పది పదునైదు సంవత్సరములు గడచిన పిమ్మట సామాన్య గృహస్థుల వాకిళ్ళకు వచ్చి చేరుట నేడు ప్రతి పట్టణమునందును చూచుచున్నాము. కొనునాడు వాని వెల క్రొత్త చిన్నకారు వెలకంటెను తక్కువగా ఉండును. కాని వాని విడిభాగముల వెల మాత్రము కారు వయస్సుతోపాటు తగ్గదు. ఏనుగు చౌకగా దొరకవచ్చును. దాని మేత చౌకగా దొరకదు.

విజయవాడలో మేము ఎఱిగిన విశ్రాంత అధ్యాపకులొకరు ఇట్టి కారునే కొని వాడుకొనుచున్నారు. అది 2006లో తయారైన ఆఱు సిలిండర్ల జర్మను కారు. ఒకనాడు స్టీరింగు ఎదుటి పలకపై ఇంజను బొమ్మగల పసుపుపచ్చని దీపము వెలిగినది, మరల ఆరలేదు. కారును పెద్ద కార్ఖానాకు తీసికొనిపోగా, “కెటలిటిక్ కన్వర్టర్లు రెండును పోయినవి, మార్చవలెను” అని చెప్పి అంచనా కాగితము చేతికిచ్చిరి. ఆ మొత్తము కారును అమ్మిన వచ్చు సొమ్మునకు ఇంచుమించు సమానము. రోడ్డు ప్రక్కనున్న షెడ్డులో అడుగగా అచ్చటి మెకానిక్కు నవ్వి, “దానికింత దిగులెందుకు మాస్టరుగారూ! లోపలి సరకు పగులగొట్టి ఖాళీ డబ్బా బిగించి ఇస్తాను. గంట పని” అనెను. ఈ రెండు మాటల నడుమ మూడవ దారి ఏదైనను కలదా అని వారు మమ్ము అడిగిరి. కలదు. దానిని వివరించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట ఆ పెట్టె చేయు పని ఏమో తెలిసికొందము. సిలిండరులో పెట్రోలు ఎంత చక్కగా మండినను పూర్తిగా మండదు. కొఱత దహనమువలన కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. మండక మిగిలిన పెట్రోలు ఆవిరిగా బయటికి వచ్చును. లోపలి విపరీతమైన వేడికి గాలిలోని నత్రజని ప్రాణవాయువుతో కలసి నత్రజని ఆక్సైడులగును. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హీమోగ్లోబినును ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. మూసిన గదిలో ఇంజను నడచుచుండగా మనుష్యులు నిద్రలోనే మరణించుట ఇందువలననే. తక్కిన రెండును సూర్యరశ్మి తగిలినప్పుడు పరస్పరము చర్య జరిపి, కన్నులు మండించి ఊపిరి బిగబట్టించు కలుషితపు మంచును కల్పించును.

ఈ మూటిని మార్చివేయునదే కన్వర్టరు. ఇది వడపోత గుడ్డ వంటిది కాదు; దేనిని పట్టి ఉంచదు. తుప్పు పట్టని ఉక్కు డబ్బాలో తేనెపట్టు వంటి పింగాణి దిమ్మ ఉండును. ఆ దిమ్మలో చదరపు అంగుళమునకు ఇంచుమించు 400 సన్నని దారులుండుట పరిపాటి. వాని గోడలకు అల్యూమినా పూత, ఆ పూతలో ప్లాటినము, పెల్లేడియము, రోడియము అను లోహముల అతిసూక్ష్మ కణములు ఉండును. ఒక డబ్బాలో ఈ లోహములన్నియు కలిపినను కొద్ది గ్రాములే. పొగ ఆ దారులవెంట పోవునప్పుడు కార్బన్ మోనాక్సైడు బొగ్గుపులుసు వాయువుగను, పెట్రోలు ఆవిరి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరులుగను, నత్రజని ఆక్సైడులు తిరిగి మామూలు నత్రజనిగను మారును. లోహము మాత్రము ఖర్చు కాదు. పెండ్లిండ్లు కుదుర్చు పేరయ్య వంటిది అది; ఎందరికి ముడిపెట్టినను తాను పీటలమీద కూర్చుండదు. ఇట్టి పదార్థమునే రసాయన శాస్త్రజ్ఞులు ఉత్ప్రేరకమందురు.

అయితే దీనికి రెండు నియమములు కలవు. మొదటిది వేడి. ఇంచుమించు 250 నుండి 300 సెంటీగ్రేడు డిగ్రీల వేడి పుట్టినగాని ఇది మేలుకొనదు. ఉదయము కారు కదలిన మొదటి నిమిషములలో పొగ ఘాటుగా ఉండుటకు కారణమిదే. రెండవది పాళము. పెట్రోలు ఒక పాలునకు గాలి 14.7 పాళ్ళు, బరువును బట్టి, కలసినప్పుడే మూడు పనులును ఒక్కసారి జరుగును. ఆ పాళమును కనిపెట్టి చూచుటకు కన్వర్టరునకు ముందొక ఆక్సిజన్ సెన్సారును, కన్వర్టరు పనిని కనిపెట్టుటకు వెనుకనొక సెన్సారును అమర్చుదురు. ఈ వెనుకటి కాపలావాడే ఎదుటి పలకమీద దీపము వెలిగించువాడు.

ఈ పెట్టె పుట్టుకకు అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరపు మంచు కారణము. అక్కడి కంటిమంటకు మూలము మోటారు పొగపై ఎండ చేయు చర్యయేనని 1950 ప్రాంతమున హాగెన్‌స్మిట్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. ఫ్రాన్సున పుట్టి అమెరికాలో స్థిరపడిన యూజీన్ హూడ్రీ ఆ దశాబ్దములోనే ఉత్ప్రేరక పేటికకు పేటెంటు పొందెను. కాని నాటి పెట్రోలులో సీసము కలిపెడివారు. సీసము ఉత్ప్రేరకమునకు విషము. అందుచే ఆ కల్పన చాలకాలము పనికి రాలేదు. సీసము లేని పెట్రోలు వచ్చిన పిమ్మట, 1975 నమూనా కార్లనుండి అమెరికాలో ఇది వ్యాప్తికి వచ్చినది. మనదేశములో 1995 ఏప్రిల్ 1వ తేదీన నాలుగు మహానగరములలో సీసము లేని పెట్రోలును, దానితో కన్వర్టరు గల క్రొత్త కార్లును మొదలైనవి. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్మకమునకు వచ్చినది.

ఇక అసలు విషయము. లోహము ఖర్చు కానిదైనప్పుడు కన్వర్టరు ఎందుకు చెడును? ముసలితనమువలన చెడునవి కొన్ని. కాని ఇంజనులోని మఱియొక రోగము దీనిని చంపుటయే ఎక్కువ. స్పార్కు ప్లగ్గో, ఇగ్నిషన్ కాయిలో బలహీనపడినచో ఆ సిలిండరులోని పెట్రోలు మండక, పచ్చిగా కన్వర్టరులోనికి పోయి అచ్చట మండును. ఆ వేడికి పింగాణి దిమ్మ కరగి ముద్దయగును. ఇంజను నూనె త్రాగుచున్నచో ఆ నూనెలోని భాస్వరము, జింకు పూతపై పొరగా పేరుకొనును. రేడియేటరు నీరు హెడ్ గాస్కెట్టు గుండ సిలిండరులోనికి కారుచున్నచో అందులోని రసాయనములును అట్లే చేయును. రోగమును కుదుర్చక క్రొత్త కన్వర్టరు బిగించుట చిల్లుకుండలో నీరు పోయుటయే. నెలలు తిరుగకమునుపే అదియు పోవును.

కావున పొదుపునకు మొదటి మెట్టు పరీక్ష. కారులోని యంత్రగణకము తన ఫిర్యాదును ఒక అంకెగా వ్రాసికొనును. స్కానరు తగిలించి దానిని చదువవచ్చును. పి 0420 అనగా మొదటి వరుస కన్వర్టరు పని తగ్గినదని, పి 0430 అనగా రెండవ వరుసదని అర్థము. ‘వి’ ఆకారములో సిలిండర్లు రెండు వరుసలుగా నుండు పెద్ద ఇంజనులలో వరుసకొక పొగగొట్టము, గొట్టమునకొక కన్వర్టరు ఉండుటచే ఈ రెండు అంకెలు ఏర్పడినవి. వీనితోపాటు పి 0300 మొదలైన, సిలిండరు సరిగా మండుటలేదని చెప్పు అంకెలున్నచో ముందుగా వానిని సరిచేయవలెను. అంకె తీర్పు కాదు. అది సాక్షి చెప్పిన మాట. సాక్షి పొరపడవచ్చును.

ఆ పొరపాటును పట్టుటకు నాలుగు సులభోపాయములున్నవి. ఒకటి: ఇంజను చల్లగా ఉన్నప్పుడు ప్రారంభించి, పొగగొట్టపు అతుకులవద్ద మసి మరకలున్నవేమో, బుస్సుమను చప్పుడున్నదేమో చూడవలెను. అతుకువద్ద కారుచున్నచో బయటి గాలి లోనికి చొచ్చి సెన్సారును మోసగించును. రెండు: స్కానరులో వెనుకటి సెన్సారు వోల్టేజి చూడవలెను. బండి వేడెక్కిన పిమ్మట ముందటి సెన్సారు సాధారణముగా 0.1, 0.9 వోల్టుల నడుమ ఊగుచుండును. కొన్ని కార్లలో ముందటి సెన్సారు వేఱు రకముగా నుండును గాని వెనుకటిది ఇట్టిదే. కన్వర్టరు బాగున్నచో వెనుకటిది 0.6, 0.7 వోల్టుల ప్రాంతమున నిలుకడగా ఉండును. అదియు ముందుదానివలె ఊగులాడుచున్నచో కన్వర్టరు శక్తి ఉడిగినట్లే. మూడు: చల్లారిన డబ్బాను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టిచూడవలెను. లోపల గలగలమన్నచో దిమ్మ విరిగినది. నాలుగు: కారు ఎత్తు ఎక్కలేక ఆయాసపడుచున్నచో ముందటి సెన్సారు రంధ్రములో పీడనమాపకము బిగించి చూడవలెను. ఇంజను నెమ్మదిగా తిరుగుచున్నప్పుడు చదరపు అంగుళమునకు ఒకటిన్నర పౌను, నిమిషమునకు 2500 చుట్లవద్ద మూడు పౌన్లు దాటినచో దారి పూడుకొన్నదని గ్రహింపవలెను.

మా అధ్యాపకుల కారును ఇట్లు పరీక్షింపగా తేలినదేమి? మొదటి వరుసలో ఒక ఇగ్నిషన్ కాయిలు చాలకాలమునుండి బలహీనముగా ఉన్నది. ఆ వైపు కన్వర్టరు నిజముగనే పోయినది. రెండవ వరుసలో కన్వర్టరునకు ముందున్న గాస్కెట్టు కాలి అతుకు కారుచున్నది. గాస్కెట్టు మార్చి, అంకెలు తుడిచివేసి రెండు వారములు నడిపిచూడగా రెండవ వరుస ఫిర్యాదు మరల రాలేదు. రెండు మార్చవలెనన్న చోట ఒకటి చాలినది. సగము ఖర్చు అచ్చటనే తగ్గినది.

ఇక ఆ ఒకదానిని మార్చుటకు ఎన్ని దారులున్నవి? కారు కంపెనీవారి ముద్రగల భాగము అన్నిటికంటె మేలైనది, అన్నిటికంటె ప్రియమైనది. రెండవది, ఇతర తయారీదారులు అదే కారు కొలతలకు చేసి అమ్మునది. ఇది ఉన్న బోల్టులకే బిగియును; కోత, అతుకు అక్కఱలేదు. మూడవది, ఏ కారుకైనను సరిపడునట్లు రెండు మూతులతో చేసిన ఒంటి డబ్బా. పాతదానిని కోసి ఆ చోట దీనిని వెల్డింగు చేయవలెను. కొందఱు పాత డబ్బానే ప్రక్కనుండి కోసి, లోపల క్రొత్త దిమ్మ పెట్టి మూసివేయుదురు. గొట్టము మంచిదై దిమ్మ మాత్రమే పోయిన చోట, పనివాని చేయి మంచిదైనచో, ఇదియు తగిన దారియే.

చౌకదానిని ఎన్నుకొనునప్పుడు ఈ విషయములు అడుగవలెను. ఇంజను ఎన్ని లీటర్లదో దానికి తగిన పరిమాణమేనా? యూరో 3, యూరో 4 వంటి ఏ ప్రమాణమునకు చేసినది? కారు తయారైన నాటి ప్రమాణమునకు తక్కువది కొనరాదు. ఎంతకాలము పూచీ? అది కాగితము మీద వ్రాసి ఇచ్చెదరా? డబ్బా తళతళను చూచి మోసపోరాదు. కన్వర్టరు వెలలో పెద్దభాగము లోహపు పూతదే; మిక్కిలి చౌకదానిలో పూత పలుచగా నుండును. అట్టిది మొదట దీపమును ఆర్పినను కొన్ని నెలలకే మరల వెలిగించును. రెండుమార్లు కొన్న చౌకసరకు ఒకమారు కొన్న మంచి సరకుకంటె ప్రియము. పాత ఇనుప దుకాణములలో దొరకు వాడిన కన్వర్టరును మేము సిఫారసు చేయము. దాని ఆయువెంత మిగిలినదో పైకి చూచి చెప్పుట ఎవ్వరికిని సాధ్యము కాదు. సీసాలలో అమ్మెడు శుద్ధిద్రవములు కొంత మసిని వదలించిన వదలించవచ్చును. కరగిన పింగాణిని, రాలిపోయిన లోహమును తిరిగి తేజాలవు.

ఇంకొక పొదుపు సంగతి చాలమందికి తెలియదు. చచ్చిన కన్వర్టరులోను విలువైన లోహము చాలవఱకు మిగిలియుండును. ఆ లోహములను తిరిగి తీయు పరిశ్రమలున్నవి. 2021లో రోడియము వెల మున్నెన్నడును లేనంతగా పెరిగినప్పుడు, అమెరికాలో నిలిపియున్న కార్ల క్రిందనుండి కన్వర్టర్లు కోసికొనిపోవు దొంగతనములు విపరీతమైనవి. కావున షెడ్డులో విప్పిన పాత డబ్బా మీ సొత్తు. దానిని అడిగి తీసికొనుడు. లేదా దాని విలువను కూలిలో తగ్గింపుమనుడు.

బిగించు పనిలో కొన్ని జాగ్రత్తలు చెప్పెదము. కారు పూర్తిగా చల్లారిన పిమ్మటనే పని మొదలిడవలెను. జాకీని మాత్రమే నమ్మి కారు క్రింద పడుకొనరాదు; గట్టి స్టాండ్లు పెట్టవలెను. తుప్పు పట్టిన నట్లకు ముందురోజే తుప్పు వదలించు నూనె పోసియుంచినచో బోల్టులు విరుగవు. గాస్కెట్లు పాతవి వాడరాదు. డబ్బాపై బాణపు గుర్తున్నచో అది పొగ పోవు దిక్కునకే ఉండవలెను. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పవలెను. లేనిచో సున్నితమైన విద్యుత్ భాగములు చెడును. క్రొత్త కన్వర్టరును ఇంజనునుండి పాతదాని చోటుకంటె దూరముగా పెట్టరాదు. దూరమైనకొలది ఆలస్యముగా వేడెక్కును. వేడిని ఆపు రేకును తీసి పారవేయరాదు. ఆ రేకు లేని కారును ఎండుగడ్డిపై నిలిపినచో నిప్పంటుకొనును. పింగాణి దిమ్మ చుట్టు ఒక మెత్తని చాప ఉండును. అది వేడికి ఉబ్బి దిమ్మను పట్టుకొనును. అందుచే మొదటిసారి ఇంజనును నెమ్మదిగా వేడెక్కనిచ్చి, చల్లారనిచ్చి, ఆ పిమ్మట రోడ్డెక్కుట మంచిది.

ఇప్పుడు షెడ్డువాడు చెప్పిన ఖాళీ డబ్బా సంగతి. కొందఱు వెనుకటి సెన్సారును గొట్టమునకు దూరముగా జరిపి, లేదా యంత్రగణకములోని వ్రాతను మార్పించి దీపమును ఆర్పుదురు. దీపము ఆరును, పొగ ఆరదు. జ్వరము కొలుచు గాజుగొట్టమును పగులగొట్టినంత మాత్రమున జ్వరము తగ్గునా? మన దేశములో పొగ పరీక్షకు, భారత్ స్టేజి 2, 3 ప్రమాణముల పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడు 0.5 శాతము, పెట్రోలు ఆవిరి పదిలక్షల పాళ్ళలో 750 పాళ్ళు హద్దులు. భారత్ స్టేజి 4 కార్లకు ఈ హద్దులు 0.3 శాతము, 200 పాళ్ళు. ఖాళీ డబ్బాతో ఈ హద్దులలో నిలుచుట కష్టము. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము కాలుష్య నియమములను అతిక్రమించినవారికి మూడునెలల వఱకు కారాగారముగాని, పదివేల రూపాయల వఱకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఆ పరీక్షలో నత్రజని ఆక్సైడులను కొలువరు. కావున ధ్రువపత్రము చేతిలో ఉన్నంతమాత్రమున కన్వర్టరు చక్కగా ఉన్నదని నిశ్చింతగా ఉండుటకు వీలులేదు.

కాని జరిమానాకంటె పెద్ద సంగతి ఒకటి కలదు. ఆ పొగను మొదట పీల్చునది ఎవరు? కారు వెనుక రిక్షాలో బడికి పోవు పిల్లలు, కూడలిలో నిలిచిన పోలీసు, రోడ్డు ప్రక్క పండ్లబండి త్రోయువాడు. కారు లోపలివారికి అద్దములున్నవి, వారికి లేవు. ఇంటి ముందు కారు వేడిచేయుచు నిలిపినప్పుడు, మొదట పీల్చునది మన ఇంటివారే.

అమెరికాలోని మన తెలుగు కుటుంబములలో పాత లెక్ససు, మెర్సిడిస్ వంటి కార్లు వాడువారు కలరు. అచ్చటి నియమములు వేఱు. కేంద్ర చట్టము ప్రకారము క్రొత్త కారు కన్వర్టరుకు 8 సంవత్సరములు లేక 80,000 మైళ్ళు, ఏది ముందైన అంతవఱకు, తయారీదారు పూచీ ఉండును; సొమ్ము ఖర్చు చేయుటకు ముందు ఆ గడువు చూచుకొనవలెను. కాలిఫోర్నియా వంటి రాష్ట్రములలో ఇతర తయారీదారుల కన్వర్టరుపై ఆ రాష్ట్రపు అనుమతి సంఖ్య చెక్కబడియుండవలెను. అది లేని చౌకసరకు బిగించినచో, రెండేండ్లకొకసారి జరుగు పొగ పరీక్షలో కారు నిలువదు. పెట్టిన సొమ్ము వ్యర్థము.

మా అధ్యాపకులు చివరకు ఇతర తయారీదారు చేసిన కన్వర్టరునొకదానిని, ఇగ్నిషన్ కాయిలునొకదానిని, గాస్కెట్లను కొని, నమ్మకమైన చిన్న షెడ్డులో బిగింపించుకొనిరి. పాత డబ్బాకు వచ్చిన సొమ్ము కూలికి సరిపోయినది. మొత్తము ఖర్చు పెద్ద కార్ఖానా అంచనాలో ఆఱవ వంతు. దీపము ఆరినది, పొగయు శుద్ధియైనది.

ఇంత చెప్పిన పిమ్మట, ఖర్చే రాకుండ చేసికొను ఉపాయము ఒక్కటి చెప్పి ముగించెదము. ప్లగ్గులను వేళకు మార్చుడు. నూనె తగ్గుచున్నచో కారణము వెదకుడు. బ్యాటరీ పోయిన కారును త్రోసి ప్రారంభించు అలవాటు మానుడు. పచ్చి పెట్రోలు కన్వర్టరులోనికి పోవును. ఇంజను బొమ్మగల దీపము నిలుకడగా వెలుగుచున్నచో ఆ వారములో మెకానిక్కునకు చూపవచ్చును. అది మిణుకు మిణుకుమనుచున్నచో మాత్రము సిలిండరు మండుటలేదనియు, కన్వర్టరు ఆ క్షణముననే కాలిపోవుచున్నదనియు అర్థము. అప్పుడు ఇంటికి చేరుదమని తొందరపడక, వేగము తగ్గించి, కారును రోడ్డు ప్రక్కకు తీసి ఇంజను ఆపుడు. లారీమీద ఇంటికి తెచ్చిన కూలి, క్రొత్త కన్వర్టరు వెల ముందు ఏపాటి?